మా పాప బడిలో వయొలిన్ క్లాసు: ఏడాది చూశాక నా రివ్యూ (విజయనగరం)

మాది విజయనగరం. పాప ఇప్పుడు నాలుగో తరగతిలోకి వచ్చింది. పోయిన జూన్‌లో వాళ్ళ బడిలో మూడు నుంచి అయిదో తరగతి పిల్లలకి వాయిద్యాలు నేర్పడం కొత్తగా మొదలుపెట్టారు. అంతకుముందు మ్యూజిక్ పీరియడ్ అంటే ప్రార్థన, రెండు దేశభక్తి గీతాలు, అంతే. నెలకి 700 రూపాయలు, వారానికి రెండు క్లాసులు, మంగళవారం శుక్రవారం ఆఖరి పీరియడ్, నలభై అయిదు నిమిషాలు. బడి పేరు రాయడం లేదు, పాప ఇంకా అక్కడే చదువుతోంది, పైగా ఇందులో బాగున్నవాటితో పాటు బాగోలేనివీ ఉన్నాయి. కానీ తెలిసినవాళ్ళు చాలామంది "మా వాడిని చేర్చమంటారా, ఆ డబ్బుతో బయట ట్యూషన్ పెట్టమంటారా" అని అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. నేర్పిన పద్ధతికి 5కి 5 ఇస్తాను. వాయిద్యాలు మాచేత కొనిపించిన తీరుకి 1 కూడా ఎక్కువే.

మొదటి ఆరు వారాలు పిల్లల చేతికి ఏ వాయిద్యమూ ఇవ్వలేదు. దీని మీద తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవే అయింది. డబ్బు కట్టించుకుని చప్పట్లు కొట్టిస్తున్నారేంటి అని ఒకరు, మా వాడు రోజూ వచ్చి "స" అంటున్నాడు తప్ప ఇంకేం లేదు అని ఇంకొకరు. నాకూ అలాగే అనిపించి ఒక శుక్రవారం అనుమతి తీసుకుని వెళ్ళి క్లాసులో వెనకాల కూర్చున్నాను. మాస్టారు శ్రుతిపెట్టె ఆన్ చేసి పిల్లలందరినీ కళ్ళు మూసుకోమన్నారు. శ్రుతి వింటూ ముందు నోరు మూసుకునే "మ్‌మ్" అనమన్నారు, తర్వాత "స" పాడమన్నారు. ఎవరి గొంతు కలవలేదో పేరు పెట్టి చెప్పలేదు, వాళ్ళ పక్కన వెళ్ళి నిలబడి తనే మెల్లగా "స" అన్నారు, ఆ పిల్లాడి గొంతు దానంతటదే జరుగుతూ జరుగుతూ వచ్చి కలిసింది. నేను అది చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఆదితాళం: ఒక దెబ్బ, మూడు వేళ్ళు లెక్కపెట్టడం, మళ్ళీ దెబ్బ, చెయ్యి తిప్పడం, ఇంకో దెబ్బ, ఇంకోసారి తిప్పడం, మొత్తం ఎనిమిది. ఇది నిలబడి, నడుస్తూ, మెట్లెక్కుతూ చేయించారు.

క్లాసయ్యాక అడిగాను, సార్, ఇన్ని రోజులు ఇదే ఎందుకండీ అని. ఆయన అన్నది నాకు బాగా గుర్తుంది. "వీణకి మెట్లుంటాయమ్మా, కీబోర్డుకి మీటలుంటాయి. వయొలిన్‌కి ఏమీ ఉండదు, నున్నటి చెక్క. వేలు ఎక్కడ పెట్టాలో కంటికి కనపడదు, చెవే చెప్పాలి. చెవిలో స లేకుండా పిల్ల చేతికి వయొలిన్ ఇస్తే అది తప్పుగా వాయిస్తోందని దానికే తెలీదు, రెండు నెలలకి విసుగొచ్చి మానేస్తుంది." ఆ సాయంత్రమే గ్రూపులో ఈ మాట పెట్టాను. సగం మంది ఒప్పుకున్నారు, మిగతావాళ్ళు ఊరుకున్నారు.

ఆగస్టులో వాయిద్యం ఎంచుకునే వారం పెట్టారు. ఈ మొత్తం కార్యక్రమంలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. వయొలిన్, మృదంగం, వేణువు, కీబోర్డు, నాలుగూ గదిలో నాలుగు మూలల పెట్టి, ప్రతి పిల్లా ప్రతిదీ రెండు వేర్వేరు రోజుల్లో ముట్టుకుని వాయించి చూసేలా చేశారు. ఒక్క రోజైతే మొదట ఏది దొరికితే అదే నచ్చుతుందట. వేణువు దగ్గర మా పాప రెండు నిమిషాలు ఊది తల తిరుగుతోందని కూర్చుండిపోయింది. అది మొదట్లో అందరికీ అవుతుందట, పైగా కర్ణాటక వేణువుకి వేళ్ళ రంధ్రాలు ఎనిమిది, మూడో తరగతి వేళ్ళకి అవి పూర్తిగా మూయడం కష్టం, అందుకని ఆయన పొట్టి వేణువులు, అంటే ఎక్కువ శ్రుతివి, తెచ్చిపెట్టారు. మృదంగం దగ్గర మగపిల్లలు గుంపుగా చేరారు. కీబోర్డు దగ్గర లైను ఎప్పుడూ తగ్గలేదు.

మా ఇంట్లో మాత్రం ఎవరి కోరిక వాళ్ళది. మావారు కీబోర్డు అన్నారు, పాడైతే రిపేరు సులువు, సినిమా పాటలు తొందరగా వస్తాయి అని. మా మావయ్యగారిది బొబ్బిలి వైపు. ఆయనకి వీణ తప్ప ఇంకేదీ వాయిద్యమే కాదు. గొల్లపల్లిలో పనస కర్ర తొలిచి వీణ చేసే సర్వసిద్ధివాళ్ళని చిన్నప్పటినుంచీ చూసినాయన, ఏకాండీ వీణ అంటే ఏంటో, ఒకే దుంగలోంచి కుండా దండీ అన్నీ ఎలా తీస్తారో గంటసేపు చెప్తారు. ఆయన ముచ్చటపడి అక్కడినుంచి పాప కోసం ఒక చిన్న వీణ తెచ్చారు కూడా. అది సన్మానాల్లో ఇచ్చే జ్ఞాపిక వీణ, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, వాయించడానికి కాదు. పాప దాన్ని బడికి తీసుకెళ్తే మాస్టారు నవ్వకుండా, దాన్ని జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకుని, పిల్లలందరికీ బొబ్బిలి వీణ గురించి పది నిమిషాలు చెప్పి, నిజం వీణ నాలుగడుగులుంటుంది, నీ చెయ్యి పై మెట్ల దాకా అందడానికి ఇంకో మూడు నాలుగేళ్ళు పడుతుంది, అప్పుడు తప్పకుండా నేర్చుకో అన్నారట. మావయ్యగారికి ఈ సంగతి చెప్తే ఆ మాస్టారు మంచోడు అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు.

పాప వయొలినే కావాలంది. ఎందుకే అంటే "అది ఏడుస్తాది, నవ్వుతాది కూడా" అంది. ఇంక మేమేం మాట్లాడలేదు.

కీబోర్డు గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది అడిగేది అదే. మాస్టారు కీబోర్డుని తక్కువ చేసి మాట్లాడలేదు. మీట నొక్కితే సరైన స్వరం వస్తుంది, పిల్లకి మొదటి రోజునుంచీ ధైర్యం వస్తుంది, రెండు చేతులూ వేరువేరుగా పనిచెయ్యడం అలవాటవుతుంది అన్నారు. కానీ రెండు మీటల మధ్య ఏమీ లేదు, స్వరాన్ని జార్చడం, ఊపడం, అంటే గమకం, మామూలు కీబోర్డు మీద కుదరదు. కర్ణాటక సంగీతంలో ముందుకి వెళ్ళాలనుకుంటే అది తెలుసుకుని ఎంచుకోండి అన్నారు. ఇంతకంటే నిజాయితీగా ఎవరు చెప్తారు.

ఇక్కడినుంచి నాకు కోపం వచ్చిన భాగం.

వాయిద్యాలు బడి ద్వారానే కొనాలన్నారు. బడికి ఎవరో సప్లయరుతో ఒప్పందం ఉందట. వయొలిన్, కమాను (తీగల మీద లాగే విల్లు), రోజిన్ బిళ్ళ, పెట్టె, అన్నీ కలిపి "కిట్" అని 5,800 కట్టించుకున్నారు. పదిరోజులకి కిట్లొచ్చాయి. వయొలిన్ ఎంచుకున్న ఏడుగురికీ ఏడూ ఫుల్ సైజువే! ఎనిమిదేళ్ళ పిల్లకి పెద్దవాళ్ళ వయొలిన్. పాప దాన్ని పట్టుకుంటే చెయ్యి పూర్తిగా చాచినా వేళ్ళు తీగల మొదట్లో సరిగా పడవు, చూపుడువేలు పెడితే చిటికెనవేలు గాలిలో ఉంటుంది. ఆఫీసుకెళ్ళి అడిగితే "పిల్లలు ఎదుగుతారు కదండీ, రెండేళ్ళలో సరిపోతుంది, మళ్ళీ కొనే ఖర్చు తప్పుతుంది" అన్నారు. యూనిఫాం కొంచెం పెద్దది కుట్టించుకున్నట్టు అనుకున్నారు వాళ్ళు. వయొలిన్ అలా కాదు. పెద్ద వయొలిన్ మీద నేర్చుకుంటే మణికట్టు వంకరపోతుంది, భుజం పైకి లేస్తుంది, స్వరం పలకాల్సిన చోటికి వేలు చేరదు. అలవాటైన వంకర తియ్యడం తర్వాత మాస్టారికే గగనం.

సైజు ఎలా చూడాలో అప్పుడే తెలుసుకున్నాను, మీరూ రాసి పెట్టుకోండి. పిల్ల చెయ్యి పక్కకి నిటారుగా చాపించి, మెడ దగ్గరనుంచి అరచెయ్యి మధ్య దాకా టేపుతో కొలవాలి. సుమారు 20 అంగుళాలుంటే హాఫ్ సైజు, 22 దగ్గరికొస్తే త్రీఫోర్త్, 23 దాటితే ఫుల్. అంతకంటే చిన్న పిల్లలకి క్వార్టర్ సైజు కూడా ఉంది. హాఫ్ అంటే సగం పొడవు అని కాదు, పేరే అలా, ఫుల్ సైజు డొక్క 14 అంగుళాలైతే హాఫ్‌ది పన్నెండున్నర దాకా ఉంటుంది. మా పాపకి 20 కూడా సరిగ్గా లేదు. ఏడుగురిలో ఫుల్ సైజు సరిపోయిన పిల్ల ఒక్కరూ లేరు.

మాస్టారు ఈ కొలతలన్నీ ముందే రాసిచ్చారట, ఆర్డరు పెట్టినవాళ్ళు చూసుకోలేదు. మేం ఏడుగురం కలిసి వెళ్ళి ప్రిన్సిపాల్ గారికి కాగితం ఇచ్చాక మార్చడానికి ఒప్పుకున్నారు, కానీ మారి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మాస్టారు తన సొంత హాఫ్ సైజు వయొలిన్ ఒకటి తెచ్చి పిల్లలకి వంతులవారీగా ఇచ్చారు. అందుకే చెప్తున్నాను, క్లాసు మంచిదే, కొనిపించడమే బాగోలేదు. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు బడిలో చిన్న తరగతుల్లో అందరికీ రికార్డరు అనే చిన్న పిల్లనగ్రోవి నేర్పించి, నాలుగైదు తరగతుల్లో వయొలినో ట్రంపెట్టో ఎంచుకోమంటారట, వాయిద్యం చాలామంది నెలవారీ అద్దెకి తీసుకుంటారట, పిల్లాడు ఎదిగితే పెద్ద సైజుకి మార్చిస్తారట. మన దగ్గర అంత లేకపోయినా, బడి ఓ పది వయొలిన్లు వేర్వేరు సైజుల్లో కొని అద్దెకిస్తే సరిపోతుంది కదా. ఈ మాట ప్రిన్సిపాల్ గారికి రాసిచ్చాను. ఇంకా జవాబు రాలేదు.

హాఫ్ సైజు వయొలిన్ ఇంటికొచ్చిన రోజు పాప స్నానం చేసి, దేవుడి దగ్గర పెట్టి, కమాను తీసి తీగ మీద లాగితే ఏ శబ్దమూ రాలేదు. అసలేమీ! గాలి గీసినట్టుంది. పాప కళ్ళల్లో నీళ్ళు. పాడైపోయిన వయొలిన్ ఇచ్చారనుకుని నేను మళ్ళీ ఆఫీసుకి ఫోన్ చెయ్యబోయాను. తీరా చూస్తే కొత్త కమానుకి రోజిన్ పట్టించలేదు. గుర్రపు వెంట్రుకలకి రోజిన్ పొడి అంటితేనే అవి తీగని పట్టుకుని లాగుతాయి, లేకపోతే జారిపోతాయి. అందులోనూ కొత్త రోజిన్ బిళ్ళ అద్దంలా నున్నగా ఉంటుంది, ఎంత రుద్దినా కమానుకి అంటదు, ముందు దాని పైన సన్నటి గరుకు కాగితంతో నాలుగు గీతలు పెట్టాలి. మాస్టారు వీడియో కాల్‌లో చూపించారు. పది నిమిషాలు రుద్దాక మొదటి శబ్దం వచ్చింది, తలుపు కిర్రుమన్నట్టు, కానీ పాప ముఖం వెలిగిపోయింది. కిట్‌లో ఈ విషయం రాసిన ఒక చిన్న కాగితం పెడితే ఎంత బాగుండేది.

కూర్చోబెట్టడం చాలా శ్రద్ధగా చేశారు. మన పద్ధతిలో నేలమీద బాసింపట్టు వేసుకుని, కుడి పాదం కొంచెం ముందుకి పెట్టి, వయొలిన్ తల ఆ చీలమండ మీద ఆనించి, ఇంకో కొస ఎడమ భుజం దగ్గర ఎదకి ఆనిస్తారు. ఎడమచెయ్యి దేన్నీ మొయ్యక్కర్లేదు, తీగమీద స్వేచ్ఛగా జారుతుంది. గమకాలకి ఆ జారుడే కావాలి. ఈ కూర్చోవడం కుదరడానికే మా పాపకి రెండు వారాలు పట్టింది, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని గోల. ఇప్పుడు టీవీ చూసేటప్పుడు కూడా అలాగే కూర్చుంటోంది.

సరళీ వరుసలు, అంటే సరిగమలు వరసగా పలికించే మొదటి పాఠాలు, మాయామాళవగౌళ రాగంలో మొదలుపెట్టారు, అందరూ అలాగే మొదలుపెడతారు, పురందరదాసు పెట్టిన క్రమం అంటారు. ఎందుకు అదే రాగమో నాకు ఈ క్లాసులోనే అర్థమైంది. ఆ రాగంలో స రి గ మ మధ్య దూరాలు ఎలా ఉంటాయో ప ద ని స మధ్య కూడా అచ్చం అలాగే ఉంటాయి. మన వయొలిన్ తీగలు స, ప, స, ప అని శ్రుతి చేస్తారు కదా, అంటే స తీగ మీద వేళ్ళు ఎక్కడెక్కడ పెట్టిందో ప తీగ మీద కూడా పాప అక్కడే పెడితే చాలు, పై సగం వచ్చేస్తుంది. పాపకి ఈ సంగతి మాస్టారు ముందు చెప్పలేదు. రెండో వారంలో తనే కనిపెట్టి "అమ్మా, రెండూ ఒకటే" అని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. నాకు ఈ ఏడాదిలో ఇదే ఎక్కువ గుర్తుండిపోయింది.

అలాగని అన్నీ సాఫీగా లేవు. దసరా దాకా ఒకటే గదిలో మృదంగం, కీబోర్డు, వయొలిన్, వేణువు, ఇరవై మూడు మంది పిల్లలు. వయొలిన్ పిల్లలకి తమ స్వరం తమకే వినపడదు, మృదంగం మోతలో మాస్టారి మాటా వినపడదు. ఆరు వారాలు చెవిని తయారుచేసి చివరికి ఆ చెవికే పనిలేకుండా చేశారు. దసరా సెలవులయ్యాక, సిరిమానోత్సవం మర్నాడు బళ్ళు తెరిచినప్పుడు మళ్ళీ అడిగాం. అప్పుడు రెండు గ్రూపులు చేశారు, మృదంగానికి వేరే సార్ని పెట్టారు, ఆయన లైబ్రరీ పక్క గదిలో తీసుకుంటారు. ఆ తర్వాతి నెలలోనే తేడా తెలిసింది.

ఇంకో ఇబ్బంది వార్షికోత్సవం. జనవరిలో సంక్రాంతి సెలవుల తర్వాత నుంచీ వరుసలన్నీ ఆపేసి పిల్లలకి ఒక సినిమా పాట వేళ్ళ నంబర్లతో బట్టీ పట్టించారు. స్టేజీ మీద బాగానే వాయించారు, అందరూ చప్పట్లు కొట్టారు, వీడియోలు తీశారు. కానీ దానికోసం నెలన్నర పోయింది, తిరిగి వరుసలకొస్తే వేళ్ళు మరిచిపోయాయి. మాస్టారికీ ఇష్టం లేదని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. వచ్చే ఏడాది పిల్లలకి వచ్చినదే, ఒక వరుసయినా సరే, స్టేజీ మీద వాయించనివ్వండి అని మేనేజ్‌మెంట్‌ని అడగాలనుకుంటున్నాను. మిగతా తల్లిదండ్రులు కూడా గట్టిగా అడగాలి. అలాగే అర్ధసంవత్సర పరీక్షల ముందు మూడు వారాలు ఈ పీరియడ్ తీసేసి లెక్కలు చెప్పారు, ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

మన ఊళ్ళో ఇంకో టెన్షన్ ఉంది. విజయనగరంలో పిల్ల వయొలిన్ నేర్చుకుంటోందంటే చాలు, ప్రతివాళ్ళూ మ్యూజిక్ కాలేజీ దగ్గర మొదలుపెడతారు. నిజమే, 1919లో విజయరామ గజపతి గారు పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పిన చోటు, ఘంటసాల, సుశీల చదువుకున్న చోటు. ఆ కాలేజీ అంటే నాకూ గర్వమే, మా మాస్టారు కూడా అక్కడ చదువుకున్నవారే. కానీ పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా "ఏదీ అమ్మా, ఒక కీర్తన వాయించు" అని ఎనిమిదేళ్ళ పిల్లని అడిగితే, తనకి వచ్చింది సరళీ వరుసల తర్వాత నేర్పే జంట వరుసలు మూడు మాత్రమే అయితే, ఆ పిల్ల ఏమైపోవాలి. రెండుసార్లు అలా అయ్యాక పాప వయొలిన్ ఎక్కడికీ తీసుకురానంది. మాస్టారికి చెప్తే ఆయన పాపతో "ద్వారం వారు కూడా సరళీ వరుసలు వాయించకుండా అక్కడికి వెళ్ళలేదమ్మా, ఎవరడిగినా వరుసే వాయించు, బాగా వాయించు" అన్నారు. ఉగాదికి మా పెద్దాడపడుచు ఇంట్లో అడిగితే పాప మొదటి వరుస మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వాయించింది. ఎవరూ మధ్యలో లేవలేదు.

ఇంట్లో సాధన రోజుకి పదిహేను నిమిషాలే పెట్టమన్నారు, వదలకుండా. ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకుని చేస్తోంది. వానాకాలంలో తీగలు బిగించే బిరడాలు ఉబ్బి బిగుసుకుపోతాయి, చలికాలంలో వదులై జారిపోతాయి, జారినప్పుడు కాస్త సుద్ద పొడి రాస్తే నిలుస్తాయి. తీగలన్నీ ఒకేసారి వదులు చెయ్యకండి, బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల బిగువుకే నిలబడి ఉంటుంది, లోపల ఒక చిన్న కర్ర కూడా అంతే, అది పడిపోతే మళ్ళీ నిలబెట్టడానికి తెలిసిన మనిషి కావాలి. మాది ఒకసారి పడింది, వైజాగ్ వెళ్ళాల్సి వచ్చింది. వాయించాక కమాను వదులు చెయ్యడం మరిచిపోవద్దు.

మార్చి ఆఖరికి పాపకి సరళీ వరుసలు పద్నాలుగూ రెండు కాలాల్లో, మొదటివి కొన్ని మూడు కాలాల్లో వచ్చాయి, జంట వరుసలు మొదలయ్యాయి. బయట ట్యూషన్‌లో ఒక్కరికే చెప్తే ఇంకా ముందుకి వెళ్ళేదేమో. కానీ తోటి ఆరుగురితో కలిసి ఒకే శ్రుతిలో వాయించడం, ఒకరు తప్పితే మిగతావాళ్ళు ఆగి కలుపుకోవడం ఇంట్లో ట్యూషన్‌లో రాదు. అందుకే మళ్ళీ చేర్చాను.

మీరు చేర్చేటట్టయితే ఆఫీసులో కిట్ డబ్బు కట్టకముందే పిల్ల చెయ్యి కొలిచిన సైజు కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. ఒక గదిలో ఎంతమంది, ఎన్ని రకాల వాయిద్యాలు అని అడగండి. మా పాప చెయ్యి ఈ నెల 21 అంగుళాలు దాటింది, ఇంకో ఏడాదికి త్రీఫోర్త్ కొనాలి. అప్పుడు ఈ హాఫ్ సైజు ఎవరికైనా కావాలంటే సగం ధరకి ఇస్తాను. తీగలు కొత్తవే, రోజిన్ బిళ్ళ గీసి పెట్టే ఇస్తాను.